బలం ఎవరికి, దేని మీద?

జ్వరం తగ్గినా ఒంట్లో బలం లేదంటాం. రాగిజావ తాగితే బలం వస్తుందంటాం. బాలింతకు బలమైన తిండి పెడతాం. శాసనసభలో బలపరీక్ష ఉందంటే ఏ పార్టీకి ఎంత బలముందో వేళ్ళ మీద లెక్క వేస్తాం. కండబలం, గుండెబలం, ధనబలం, జనబలం, దైవబలం అంటాం. నా అన్నవాళ్ళు నలుగురున్న మనిషికి బలగం ఉందంటాం. అమరకోశం సేనకున్న పేర్ల వరుసలో బలాన్ని కూడా చేర్చింది. ఈ వాడుకలన్నిటిలోనూ బలం ఒకరి సొత్తు. తింటే వస్తుంది, వాడితే తరుగుతుంది, మంచాన పడితే పోతుంది.

ఇదే మాట హైస్కూల్లో భౌతికశాస్త్రం పుస్తకంలోకి వస్తుంది. వచ్చి, అర్థం మార్చుకుంటుంది. అక్కడ బలం ఎవరి సొత్తూ కాదు. ఒక వస్తువు మరో వస్తువును తోస్తున్నంతసేపు, లాగుతున్నంతసేపు ఉంటుంది. ఆ తోపు ఆగిన క్షణాన ఉండదు. మిగలదు, నిలవ ఉండదు, తరగదు. అక్షరాలు అవే, ఉచ్చారణ అదే. ఇంత మార్పు జరిగిందని విడమరిచి చెప్పేవాళ్ళు మాత్రం తక్కువ. కాలేజీ మొదటి ఏడాది ఫిజిక్స్‌లో పిల్లలు పడే తికమకలో పెద్దభాగం ఈ ఒక్క మాట చుట్టూనే ఉందని నా నమ్మకం.

డిగ్రీ మొదటి సంవత్సరం క్లాసులో నేను తరచు అడిగే ప్రశ్న ఒకటుంది. నాణెం ఎగరేస్తాను. చెయ్యి వదిలేశాక, అది ఇంకా పైకి పోతుండగా, దాని మీద ఏయే బలాలున్నాయో బాణాలు గీయమంటాను. గాలి సంగతి వదిలేయమంటాను. ఒకమ్మాయి నోట్‌బుక్కులో కిందికి చిన్న బాణం, పైకి పెద్ద బాణం గీసింది.

"ఈ పైబాణం దేనిదమ్మా?"

"చేతి బలం సార్."

"చెయ్యి వదిలేసింది కదా?"

"వదిలేసినా అది ఇచ్చిన బలం నాణెంలో ఉంటుంది కదా సార్. లేకపోతే పైకెలా పోతుంది?"

"మరి పైన ఆగినప్పుడు?"

"అప్పటికి రెండు బలాలూ సమానమవుతాయి సార్. తర్వాత చేతి బలం అయిపోతుంది, భూమి కిందికి లాగేస్తుంది."

ఈ జవాబును తప్పు అని కొట్టేసి ముందుకు పోవడం నాకు చేతకాదు. ఎందుకంటే ఇందులో ఒక సిద్ధాంతం ఉంది. నాణెం ఎందుకు పైకి పోతోందో, ఎందుకు నెమ్మదిస్తోందో, ఎందుకు ఆగుతోందో, ఎందుకు పడుతోందో నాలుగింటికీ ఒకే తీరున కారణం చెబుతుంది. ఆ అమ్మాయికి న్యూటన్ రెండో నియమం తెలుసు. అడిగితే తడుముకోకుండా చెబుతుంది, లెక్క ఇస్తే చేస్తుంది. సూత్రంలో ఉన్న బలం పరీక్షదీ, నాణెంలో ఉన్న బలం లోకానిదీ అన్నట్టు రెండూ ఆమె మనసులో వేర్వేరు గదుల్లో ఉన్నాయి.

లెక్క ఎలా ఉంటుందో చూద్దాం. 6 గ్రాముల నాణెం అనుకుందాం. గురుత్వ త్వరణం 10 అనుకుంటే దాని భారం 0.06 న్యూటన్లు. చెయ్యి దాన్ని 25 సెంటీమీటర్ల మేర పైకి తోసి, సెకనుకు 5 మీటర్ల వేగంతో వదిలిందనుకుందాం. చేతిలో ఉన్నంతసేపు త్వరణం 50. అంటే అరచెయ్యి పైకి తోస్తున్న బలం 0.36 న్యూటన్లు. ఇది సెకనులో పదోవంతు కాలం సాగింది. నాణెం చేతినుంచి విడివడిన క్షణాన ఆ 0.36 సున్నా అయిపోయింది. క్రమంగా తరిగి సున్నా కాలేదు, ఉన్నపళంగా అయింది. అక్కడినుంచి అరసెకను పైకి, 1.25 మీటర్ల ఎత్తుకు, అరసెకను కిందికి. ఆ సెకను పొడుగునా నాణెం మీద ఉన్నది ఒక్క బలమే, కిందికి 0.06 న్యూటన్లు. పైకి పోతున్నప్పుడూ అంతే, శిఖరాన అరక్షణం నిలిచినట్టు కనబడినప్పుడూ అంతే, పడుతున్నప్పుడూ అంతే. పైబాణం గీయడానికి తోసేవాళ్ళెవరూ లేరు.

ఇదే నాణెం ప్రశ్నను అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయంలో జాన్ క్లెమెంట్ ఇంజనీరింగ్ విద్యార్థులను అడిగి 1982లో ప్రచురించాడు. అక్కడా ఎక్కువమంది పైబాణం గీశారు. యాంత్రికశాస్త్రం కోర్సు పూర్తి చేసినవాళ్ళలో కూడా ఎక్కువమంది అదే గీశారు. అంతకు మూడేళ్ళ ముందే పారిస్‌లో లొరాన్స్ వియెనో తన విద్యార్థుల్లో ఇలాంటి ఆలోచననే గుర్తించింది. జాన్స్ హాప్కిన్స్‌లో మైకేల్ మెక్‌లాస్కీ బల్ల మీద పరిచిన వంపు గొట్టం బొమ్మ చూపించి, దాంట్లోంచి బయటికి దూసుకొచ్చే గోళీ దారి గీయమన్నాడు. గోళీ బయటికొచ్చాక కూడా వంకరగానే పోతుందని గీసినవాళ్ళు చాలామంది. గొట్టం నేర్పిన వంపు గోళీలో ఇంకా మిగిలి ఉందని వాళ్ళ భావన. మసాచుసెట్స్ పిల్లలకు రాగిజావ బలమూ తెలియదు, శాసనసభ బలపరీక్షా తెలియదు. కాబట్టి తప్పంతా తెలుగు మాట మీదికి నెట్టడం న్యాయం కాదు. మాట ఆ భావనకు ఇల్లు కట్టి ఇచ్చింది. భావన మాత్రం చెయ్యెత్తి రాయి విసిరిన ప్రతి మనిషిదీ.

అది మన శాస్త్రంలోనే పేరు పెట్టుకుని కూర్చుని ఉంది. వైశేషిక దర్శనం బాణం ప్రయాణాన్ని ఇలా వివరిస్తుంది. అల్లెతాటి తోపు వల్ల బాణానికి మొదటి కదలిక పుడుతుంది. ఆ తోపును నోదనం అన్నారు. ఆ కదలిక బాణంలో సంస్కారమనే గుణాన్ని పుట్టిస్తుంది. ఆ సంస్కారం తర్వాతి కదలికను, మళ్ళీ ఆ తర్వాతిదాన్ని కలిగిస్తూ పోతుంది. సంస్కారం లేకుండా పోయినప్పుడు గురుత్వం వల్ల బాణం పడుతుంది. నోట్‌బుక్కులో పైబాణం గీసిన అమ్మాయి చెప్పినదానికీ దీనికీ దూరమెంత? చాలా కొద్ది. ఆమె బలం అన్నదాన్ని వాళ్ళు సంస్కారం అన్నారు, అంతే.

ఈ సంస్కారం మూడు రకాలు: వేగం, భావన, స్థితిస్థాపకం. తర్కం చదవబోయే పిల్లలకు తొలి పుస్తకంగా వందల ఏళ్ళుగా చెబుతున్న తర్కసంగ్రహంలో ఈ విభాగం ఉంది. దాన్ని రాసిన అన్నంభట్టు తెలుగువాడని పండితులు చెబుతారు. భావన అంటే అనుభవం ఆత్మలో వదిలిన ముద్ర, జ్ఞాపకానికి కారణం. వేగం అంటే కదలిక వస్తువులో వదిలిన ముద్ర, తర్వాతి కదలికకు కారణం. జ్ఞాపకాన్నీ బాణం పోకడనూ ఒకే జాతి కింద చేర్చిన ఆ ఊహ ముందు నేను ఎప్పుడూ ఆగిపోతాను. తోపు అయిపోయింది, బాణం దాన్ని గుర్తుంచుకుంది. పిల్లలు నాణెం గురించి అనుకునేది సరిగ్గా ఇదే. చెయ్యి వదిలేసింది గానీ నాణెం చేతిని మరిచిపోలేదు.

అలాంటి వేగాన్ని ఇవాళ్టి పుస్తకం ఖాళీ చేసి, దిశ కలిగిన వడికి పేరుగా పెట్టుకుంది. మామూలు తెలుగులో వడికీ వేగానికీ తేడా లేదు. పుస్తకం దిశ లేనిదానికి ఒకటి, ఉన్నదానికి ఒకటి పంచింది. ఒకనాడు కదలికకు కారణమైన మాట, ఇప్పుడు కదలిక కొలతకు పేరు. ఖాళీ అయిన ఆ పాత పని ఎక్కడికీ పోలేదు, బలం అనే మాటలోకి వచ్చి చేరింది.

వైశేషిక సూత్రాలు చెప్పిన కణాదుడే న్యూటన్ నియమాలు చెప్పేశాడని ఫోన్లలో తిరిగే సందేశాలను చూస్తే నాకు బాధ. అది కణాదుడికి మర్యాద కాదు. ఆయన వేసిన ప్రశ్న వేరు, ఇచ్చిన జవాబు వేరు. తోపు ఆగాక బాణం ఎందుకు పోతోందని అడగడమే గొప్ప. అరిస్టాటిల్ దానికి జవాబుగా చుట్టూ ఉన్న గాలే వెనకనుంచి తోస్తోందన్నాడు. ఆరో శతాబ్దంలో అలెగ్జాండ్రియాలో ఫిలోపోనస్ దాన్ని కాదని, విసిరేవాడు వస్తువులోనే ఏదో నింపుతాడన్నాడు. పద్నాలుగో శతాబ్దంలో పారిస్‌లో బురిడాన్ దానికి ఇంపెటస్ అని పేరు పెట్టాడు. మన మామూలు తెలుగులో దానికి సరిపోయే మాట ఊపు. 1590 ప్రాంతంలో పీసాలో పాఠాలు చెబుతున్న యువ గెలీలియో కూడా, పైకి విసిరిన వస్తువులో నింపిన బలం క్రమంగా తరిగిపోతుందనే రాసుకున్నాడు. పైబాణం గీసిన పిల్ల ఎవరి పక్కన కూర్చుందో ఆమెకు చెప్పాలి. చెబితే సిగ్గు పోతుంది, సిగ్గు పోయినచోట చదువు మొదలవుతుంది.

1687లో వచ్చిన ప్రిన్సిపియాలో న్యూటన్ ఈ చిక్కుముడిని నిర్వచనాల్లోనే పట్టుకున్నాడు. నాలుగో నిర్వచనంలో విస్ ఇంప్రెస్సా, అంటే బయటినుంచి వస్తువు మీద పడే బలం గురించి చెబుతూ, అది ఆ చర్యలోనే ఉంటుందనీ, చర్య ముగిశాక వస్తువులో మిగలదనీ తేల్చేశాడు. ఎన్నో శతాబ్దాల సంస్కారమూ ఇంపెటసూ ఆ ఒక్క మాటతో బయటికి పోయాయి. కానీ దానికి ముందున్న మూడో నిర్వచనం చదివితే ఆశ్చర్యం వేస్తుంది. వస్తువు తన స్థితిని తాను నిలుపుకునే గుణానికి కూడా ఆయన విస్ అనే పేరే పెట్టాడు: విస్ ఇన్సిటా, వస్తువులోనే ఉండే బలం. దాన్నే జడత్వపు బలం అనీ అన్నాడు. బలం అనే మాటను వస్తువులోంచి పూర్తిగా పెరికేయడం న్యూటన్ వల్ల కూడా కాలేదు. తర్వాతివాళ్ళు మెల్లగా బలం అనే తోకను కోసేసి జడత్వాన్ని ఒంటరిగా నిలబెట్టారు. 1847లో హెల్మ్‌హోల్ట్స్ ఇవాళ మనం శక్తి అనేదాన్ని గురించి రాసిన ప్రసిద్ధ గ్రంథం పేరులో కూడా ఉన్నది క్రాఫ్ట్, జర్మన్‌లో బలం. పెద్దలకే ఇంత కాలం పట్టిన మాట, పిల్లలకు ఒక సెమిస్టరులో లొంగాలని కోరుకుంటున్నాం.

జడత్వం అన్న మాటతోనూ ఒక ఇబ్బంది ఉంది. కెప్లర్ వాడిన లాటిన్ మాట ఇనర్షియాకు అర్థం సోమరితనం. మన జడం కూడా చలనం లేనిదనే చెబుతుంది. అందుకే నిలిచి ఉన్నదానికి జడత్వం అంటే పిల్లలు ఒప్పుకుంటారు. కదిలేది కదులుతూనే ఉండటానికి కారణం జడత్వమంటే వాళ్ళ ముఖాల్లో అపనమ్మకం కనబడుతుంది. జడమైనది పరుగెలా తీస్తుందన్నది వాళ్ళ సందేహం. అది మంచి సందేహం.

మాధ్యమం మారిస్తే ఈ చిక్కు తీరుతుందనుకునేవాళ్ళున్నారు. పదో తరగతి దాకా బలం అన్న పిల్లవాడు ఇంటర్‌లో ఫోర్స్ అంటాడు. ఆ ఫోర్స్ అప్పటికే తెలుగులో కాపురం పెట్టిన మాట. కొళాయి ఫోర్స్‌గా రావడం లేదంటాం, బంతిని ఫోర్స్‌గా కొట్టాడంటాం. ఇంగ్లీషులోనూ దాని మూలం లాటిన్ ఫోర్టిస్, బలమైన అనే. అక్కడా సేనకు అదే పేరు. అయితే ఒక్క వాడుక నన్ను ఆకట్టుకుంటుంది: "నన్ను ఫోర్స్ చేయొద్దు." తెలుగులో బలవంతం చేయడం. బలవంతానికి ఇద్దరు కావాలి, చేసేవాళ్ళు, పడేవాళ్ళు. చేస్తున్నంతసేపే అది ఉంటుంది. ఎవరి ఒంట్లోనూ నిలవ ఉండదు. న్యూటన్ నాలుగో నిర్వచనానికి బలం కన్నా బలవంతమే దగ్గర.

మన పరీక్షలు ఈ లోతుకు దిగవు. ఈఏపీసెట్‌లో ఇంజనీరింగ్ విద్యార్థికి 3 గంటల్లో 160 ప్రశ్నలు, అందులో ఫిజిక్స్ 40. ఒక్కోదానికి నిమిషం పైచిలుకు. ఆ నిమిషంలో సూత్రం గుర్తుకు రావాలి, అంకెలు పడాలి, జవాబు గుర్తించాలి. బాణం దేనిదని అడిగే వ్యవధి లేదు. ఆ వేగానికి తర్ఫీదైన పిల్లలు తెలివితక్కువవాళ్ళు కారు. వాళ్ళను ఎవరూ అడగలేదు, అంతే. హార్వర్డ్‌లో ఎరిక్ మజూర్‌కు ఎదురైందీ ఇదే. తన పాఠం బాగా సాగుతోందనే ఆయన నమ్మకం. ఒక్క సూత్రమూ అక్కర్లేని, మామూలు మాటల్లో ఉన్న బలం ప్రశ్నలు ఇచ్చాడు. మీరు చెప్పినట్టు రాయాలా, నేను అనుకునేట్టు రాయాలా అని ఒక విద్యార్థిని అడిగింది. ఆ ప్రశ్న ఆయన బోధననే మార్చింది. పక్కవాళ్ళతో వాదించుకుని జవాబు తేల్చుకునే పద్ధతిని ఆయన క్లాసులోకి తెచ్చాడు. 1998లో రిచర్డ్ హేక్ 62 కోర్సుల్లోని 6,000 మందికి పైగా విద్యార్థుల ఫలితాలను పోల్చాడు. మొదట తెలియనిదానిలో ఎంత వంతు నేర్చుకున్నారని కొలిస్తే, ఉపన్యాసం వినే క్లాసుల సగటు 0.23. విద్యార్థులు మాట్లాడి, చేసి, తేల్చుకునే క్లాసుల సగటు 0.48. రెండింతలు.

తెలుగు క్లాసులో మాట్లాడుకోవడానికి మనకు చక్కటి పనిముట్లున్నాయని చెప్పడానికే ఈ వ్యాసం. మొదటిది విభక్తి. బంతికి వేగం ఉంది, బంతికి ద్రవ్యవేగం ఉంది, బంతికి శక్తి ఉంది. ఇవన్నీ సరైన వాక్యాలు. బంతికి బలం ఉంది అన్న వాక్యం మాత్రం ఫిజిక్స్‌లో చెల్లదు. బంతి మీద బలం ఉంది అనాలి. 'కి' పడితే సొత్తు, 'మీద' పడితే బలం. 'మీద' అన్నాక తోసేదెవరో, లాగేదెవరో చెప్పక తప్పదు. బంతి మీద భూమి, బంతి మీద చెయ్యి, బంతి మీద నేల. చెప్పడానికి కర్త దొరక్కపోతే బాణం చెరిపేయాలి. స్వేచ్ఛావస్తు పటం, అంటే ఒక వస్తువు మీది బలాలను బాణాలుగా చూపే బొమ్మ, గీయించేముందు ఒక వారం పాటు ఈ వాక్యాలే నోటితో చెప్పిస్తే ఎంత మేలో చేసినవాళ్ళకు తెలుసు. నాణెంలో ఉన్న ఆ ఏదో ఒకటి కూడా అబద్ధం కాదు. దాన్ని 'కి' వైపుకు మార్చి ద్రవ్యవేగం అంటే చాలు, పిల్ల ఊహలో సగం నిలబడుతుంది. మిగతా సగం, అది దానంతట అదే అరిగిపోతుందన్నది, వదులుకోవాలి.

రెండోది క్రియ. బల్ల మీద పుస్తకం ఉంది. పుస్తకం మీద బలాలేవి అంటే భూమి లాగుతోందంటారు, అక్కడ ఆగుతారు. బల్ల పైకి తోస్తోందంటే నమ్మరు. బల్లకు బలమేమిటి, అది అడ్డుగా ఉందంతే అంటారు. బలం ప్రాణమున్నదాని సొత్తన్న పాత అర్థం ఇక్కడ గట్టిగా అడ్డం పడుతుంది. అప్పుడు మోయడం అనే క్రియను అందివ్వాలి. స్తంభం కప్పును మోస్తుందనడానికి ఏ తెలుగు పిల్లవాడూ వెనకాడడు. గోడ దూలాన్ని మోస్తుంది, బల్ల పుస్తకాన్ని మోస్తుంది. మోయడమంటే పైకి తోయడమే కదా అనగానే అభిలంబ బలం దానంతట అది వచ్చేస్తుంది. ఎలా మోస్తోందంటే, కంటికి కనబడనంత వంగి. క్లెమెంట్ దీన్ని మెట్లు మెట్లుగా చూపించేవాడు: చేతి కింద స్ప్రింగు, పుస్తకం కింద స్పాంజి, పలచటి చెక్క, చివరికి బల్ల. వంగినది తిరిగి తన తీరుకు రావాలని చూడటం స్థితిస్థాపకత. సంస్కారాల్లో మూడోదైన ఆ స్థితిస్థాపకం పేరు మన పుస్తకాల్లో ఇవాళ్టికీ అలాగే ఉంది. వేగం అర్థం మారింది, ఇది నిలిచింది.

మూడోది -కొను. మూడో నియమాన్ని చర్య, ప్రతిచర్య అని చెప్పడం మనకు అలవాటైంది. ప్రతి అనే ఉపసర్గ వల్ల అది తర్వాత వచ్చేది, పగ తీర్చుకునేది అన్న అర్థం పిల్లల మనసులో పడిపోయింది. రాజకీయాల్లో ఆ జంటను వాడే తీరూ అదే. లారీ, ఆటో ఢీకొంటే ఏది దేని మీద ఎక్కువ బలం చూపిందని అడిగితే క్లాసంతా లారీ అంటుంది. లారీ బలం ఎక్కువ కదా సార్ అంటారు, మళ్ళీ 'కి' వైపుకు జారిపోతూ. లారీ ఆటోను గుద్దింది అంటే ఒకరు కర్త, ఒకరు కర్మ. లారీ, ఆటో గుద్దుకున్నాయి అంటే ఇద్దరూ రెండూ. కొట్టుకున్నారు, తోసుకున్నారు అన్నప్పుడు ఎవరు ముందో మనం అడగం. బలం విషయంలో ప్రకృతికి ఉన్నది ఈ రెండో తీరు వాక్యమే. 10 టన్నుల లారీ మీద, అరటన్ను ఆటో మీద ఒకే క్షణంలో ఒకే పరిమాణపు బలం. ద్రవ్యరాశి 20వ వంతు కాబట్టి ఆటో త్వరణం 20 రెట్లు, నుజ్జయ్యేది అందుకే.

జంటను గుర్తుపట్టడానికి వాక్యంలో కర్తనూ కర్మనూ తారుమారు చేయాలి, క్రియను కదపకూడదు. బల్ల పుస్తకాన్ని తోస్తోంది, దాని జంట పుస్తకం బల్లను తోస్తోంది. భూమి పుస్తకాన్ని లాగుతోంది అన్నదానికి జంటగా బల్ల తోపును రాసే పొరపాటు పిల్లల్లో చాలా ఎక్కువ, రెండు అంకెలూ సమానమై ఉండటం వల్ల. క్రియ మారిందంటే జంట కాదు. దాని నిజమైన జంట పుస్తకం భూమిని లాగుతోంది. ఈ వాక్యం మొదటిసారి విన్నప్పుడు పిల్లలు తల ఊపరు. లెక్క మాత్రం అంతే: అరకిలో పుస్తకమైతే భూమి దాన్ని 5 న్యూటన్లతో కిందికి, అది భూమిని 5 న్యూటన్లతో పైకి. బల్లను పక్కకు లాగేసినా ఈ జంట అలాగే ఉంటుంది.